జబ్బ ఎముక విరిగితే బ్రేస్‌తో ఎలా అతికించుకోవాలి

భుజానికీ మోచేతికీ మధ్య ఉండే పెద్ద ఎముక నడిమికి విరిగిందని డాక్టర్ ఎక్స్‌రే చూసి చెప్పారు. ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తామనలేదు. వాపు తగ్గాక రెండు ప్లాస్టిక్ చిప్పల బ్రేస్ కట్టి, చెయ్యి వేలాడనివ్వండి, మోచెయ్యి ఆడిస్తూ ఉండండి, వారం తర్వాత రండి అని పంపించారు. ఇంటికి రాగానే టెన్షన్ మొదలవుతుంది. బొక్క విరిగితే కదల్చొద్దనే కదా చిన్నప్పటి నుంచి విన్నది! పిండికట్టు కూడా లేకుండా ఊపమంటారేంటి? నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో సరిగ్గా ఈ సమయానికే ఎవరో ఒకరు వచ్చి నాటు కట్టు కట్టేవాళ్ల పేరు చెప్తారు.

బ్రేస్ వైద్యంలో డాక్టర్ చేసే పని తక్కువ, ఇంట్లో జరిగే పని ఎక్కువ. అది చెడిపోయేది కూడా చాలాసార్లు ప్రేమ వల్లే. మోచెయ్యి కింద మెత్త పెడతారు, చున్నీతో చెయ్యి పైకి కడతారు, వేలు కూడా కదపనివ్వరు. ఈ మూడూ పనికిరావు. ఎందుకో ముందు చూద్దాం.

బ్రేస్ ఎలా పని చేస్తుంది

జబ్బ ఎముక చుట్టూ మందంగా కండ ఉంటుంది. బ్రేస్ ఆ కండను చుట్టూ సమంగా బిగిస్తుంది. నీళ్లు నిండిన సంచిని అన్ని వైపుల నుంచి నొక్కితే గట్టిపడ్డట్టు, లోపలి ఒత్తిడి విరిగిన ముక్కల్ని పక్కకు పోనివ్వదు. చేతి బరువు కిందికి లాగుతూ వాటిని వరుసలోకి తెస్తుంది. మోచెయ్యి ఆడినప్పుడల్లా కండరాలు బిగుసుకుని వదులవుతాయి. ఆ కొద్దిపాటి కదలికకే విరిగిన చోట కొత్త ఎముక ముద్దలా పేరుకుని రెండు ముక్కల్నీ కలుపుతుంది. కాబట్టి చెయ్యి వేలాడాలి, మోచెయ్యి ఆడాలి, బ్రేస్ బిగుతుగా ఉండాలి. కింద చెప్పేదంతా ఈ మూడింటి కోసమే.

ఈ పద్ధతిని 1977లో అమెరికాలో ఆగస్టో సార్మియెంటో అనే ఎముకల డాక్టర్ తన ఫలితాలతో సహా ప్రకటించారు. 2000లో ఆయన బృందం 620 మంది వివరాలు బయటపెట్టింది. చర్మం చిట్లకుండా లోపలే విరిగినవాళ్లలో ఎముక అతకనివాళ్లు 2 శాతం లోపే. అయితే అందరికీ అంత బాగా జరుగుతుందని అనుకోకండి. ఫిన్లాండ్‌లో 82 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఇంకో గుంపుకు బ్రేస్ ఇచ్చి పోల్చిన అధ్యయనం 2020లో వచ్చింది. ఏడాది తర్వాత చెయ్యి పని చేసే తీరులో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ బ్రేస్ గుంపులో దాదాపు 30 శాతం మందికి తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. బ్రేస్‌తో మొదలుపెడితే ఆపరేషన్ దారి మూసుకుపోదు. అలాగని ఒకసారి కట్టేసి వదిలేసే వైద్యమూ కాదు.

ఎవరికి సరిపోదు

ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా, చేతికి రక్తం అందకపోయినా, అదే చేతికి ముంజేయి కూడా విరిగినా, క్యాన్సర్ గడ్డ వల్ల ఎముక విరిగినా చాలావరకు ఆపరేషనే చేస్తారు. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులది వేరే లెక్క. వాళ్లకు చెయ్యి ఒక్కటే విరగడం అరుదు. వెన్ను, కాలు, పక్కటెముకలు కూడా దెబ్బతింటాయి. లేచి కూర్చోలేని మనిషికి చెయ్యి కిందికి వేలాడదు, వేలాడకపోతే బ్రేస్ సగం పని చేయదు. హైవే మీద యాక్సిడెంట్లలో ఒళ్లంతా దెబ్బలు తగిలినవాళ్లదీ ఇదే సంగతి. బాగా లావుగా ఉన్నవాళ్లకు, రొమ్ములు పెద్దగా ఉన్న ఆడవాళ్లకు చెయ్యి ఒంటికి తగిలి బయటికి తోసుకుపోతుంది కాబట్టి ఎముక వంకరగా అతికే అవకాశం ఎక్కువ. విరిగిన చోటు భుజానికి దగ్గరగా ఉంటే అతకడం కాస్త మొండికేస్తుంది. మీది ఏ రకమో డాక్టర్‌ను ముందే అడగండి.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు పాత తరం వాళ్లలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు చెడే జబ్బు) ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ఎముక ఎక్స్‌రేలో మందంగా, తెల్లగా కనిపిస్తుంది గానీ అంత గట్టిది కాదు. ఈ సంగతి డాక్టర్‌కు చెప్పడం మరచిపోవద్దు. వాళ్లకు నడుము, మెడ బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి కింద చెప్పే వ్యాయామం చేసే పద్ధతి కూడా మార్చుకోవాలి.

మొదటి రోజు

దవాఖానకు బయల్దేరే ముందే గాజులు, ఉంగరాలు, వంకీ తీసేయండి. రాకపోతే కోసేయండి. పెళ్లినాటి గాజులని, శకునమని ఆగితే రెండో రోజుకు చెయ్యి వాచి, వేళ్లకు రక్తం అందని పరిస్థితి రావచ్చు. దారిలో గతుకులకు కదలకుండా విరిగిన చేతిని ఒంటికి ఆనించి, రెండో చేత్తో ముంజేతిని పొట్ట మీద పట్టుకోండి. దెబ్బ తగిలిన చోట నూనె రాయొద్దు, మర్దన అసలే వద్దు.

డాక్టర్ చూడగానే మీరు చేయాల్సిన పని ఒకటుంది. మణికట్టు పైకి ఎత్తగలుగుతున్నారా, బొటనవేలు పైకి లేపగలుగుతున్నారా, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చేతి వెనక స్పర్శ ఉందా అని పరీక్షించి కాగితం మీద రాయమని అడగండి. జబ్బ ఎముకను చుట్టుకుని రేడియల్ నరం పోతుంది. ఈ ఫ్రాక్చర్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఆ నరం దెబ్బతిని మణికట్టు వాలిపోతుంది. మొదటి రోజే రాసి ఉంటే, తర్వాత ఏదైనా మారినప్పుడు అది దెబ్బ వల్ల వచ్చిందా, కట్టు వల్ల వచ్చిందా అనేది తెలుస్తుంది.

వాపు ఉండగా బ్రేస్ కట్టరు. ముందు వారం, రెండు వారాలు చంక నుంచి మోచేతి కింద చుట్టి భుజం మీదికి వచ్చే యూ ఆకారపు పిండికట్టు వేస్తారు. చేతిని మెడకు కాలర్ కఫ్‌తో వేలాడదీస్తారు. కాలర్ కఫ్ అంటే మెడకూ మణికట్టుకూ మాత్రమే ఉండే పట్టీ. మెడికల్ షాపులో ఇచ్చే, మోచెయ్యి మొత్తం పట్టే సంచి లాంటి ఆర్మ్ పౌచ్ ఇక్కడ వద్దు. అది మోచేతిని కింద నుంచి పైకి నెడుతుంది, ఎముక వరుస తప్పుతుంది. చీర చెంగుతో, తువ్వాలుతో జోలె కట్టినా అదే జరుగుతుంది. దవాఖానలో ఆర్మ్ పౌచ్ వేసి పంపితే మొహమాటపడకుండా అడగండి.

ఈ వారంలో చేయాల్సింది పిడికిలి బిగించి వదలడం, మణికట్టు పైకీ కిందికీ ఆడించడం. గంటకోసారి చేసినా ఎక్కువేం కాదు. చెయ్యి నల్లగా, వంకాయ రంగులో కమిలి ఆ రంగు మోచేతి దాకా, ముంజేతి దాకా దిగుతుంది. అది లోపల పేరుకున్న రక్తం కిందికి జారడం. చూడ్డానికి భయమేస్తుంది గానీ కుళ్లడం కాదు.

బ్రేస్ వేసే రోజు

నొప్పి, వాపు తగ్గాక పిండికట్టు తీసి బ్రేస్ వేస్తారు. ముందొకటి, వెనకొకటి చిప్పలు, వాటిని బిగించే వెల్క్రో పట్టీలు. లోపల పలచని నూలు గొట్టం గుడ్డ ఉంటుంది. రెడీమేడ్ కొంటే సైజు సరిగ్గా చూసుకోవాలి. పై అంచు చంకకు రెండు వేళ్ల కిందుగా ఉండాలి. కింది అంచు మోచేతి రెండు పక్కలా తగిలే ఎముకల పైనే ఆగాలి. మోచెయ్యి పూర్తిగా మడిచి, పూర్తిగా చాపి చూడండి. అడ్డం తగిలితే ఆ సైజు మీది కాదు. మొహమాటానికి అక్కడే సర్దుకుంటే మూడు నెలలు బాధ పడేది మీరే.

బిగుతు విషయంలో చాలామంది తప్పు చేస్తారు. వాపు రోజురోజుకూ తగ్గుతుంది కాబట్టి మొదటి రెండు వారాలు పొద్దున బిగించింది సాయంత్రానికి వదులవుతుంది, బ్రేస్ జారుతుంది. రోజుకు కనీసం రెండు మూడుసార్లు పట్టీలు చూసి బిగించాలి. నొప్పి పెట్టకుండా గట్టిగా ఉందనిపిస్తే అది సరైన బిగుతు. వేళ్లు చల్లబడినా, నీలం పడినా, తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేయాలి. వదులు చేసిన పది, పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే దవాఖానకు వెళ్లాలి.

మొదటి మూడు వారాల్లో ఎముక లోపల టక్కుమన్నట్టు, కదిలినట్టు అనిపిస్తుంది. రాత్రి పక్కకు తిరిగినప్పుడు మరీను. ఇది మామూలే, కొత్త ఎముక పట్టుకునేకొద్దీ తగ్గిపోతుంది. ఎక్స్‌రేలో భుజం కీలు కాస్త కిందికి జారినట్టు ఉందని ఎవరైనా అంటే అదీ చాలావరకు కండరాలు డీలాపడడం వల్లే. భుజం బిగించడం, పైకి ఎగరేయడం మొదలుపెట్టాక సర్దుకుంటుంది.

పడుకోవడం, కూర్చోవడం

మొదటి మూడు నాలుగు వారాలు వెల్లకిలా పూర్తిగా పడుకోవద్దు. గోడకు ఆనించిన మంచం మీద వీపు వెనక రెండు మూడు మెత్తలు పెట్టుకుని సగం కూర్చున్నట్టు పడుకోండి. చెయ్యి వెనక్కి పడిపోకుండా జబ్బ వెనక పలచటి గుడ్డ మడత పెట్టొచ్చు, మోచెయ్యి కింద మాత్రం ఏదీ పెట్టొద్దు. వాలుకుర్చీ ఉంటే ఇంకా మంచిది. నులక మంచం నడుమ కుంగిపోతుంది, లేవడానికి చేత్తో అదుముకోవాల్సి వస్తుంది కాబట్టి ఈ నెలకు దానికి సెలవివ్వండి. కూర్చున్నప్పుడు కుర్చీ చేతుల మీద మోచెయ్యి ఆనించడం అలవాటుగా జరిగిపోతుంది. ఎముక వంకరగా అతకడానికి అది పెద్ద కారణం. ఇంట్లో చేతులున్న కుర్చీ వాడకపోవడమే సులువు.

రోజూ చేయాల్సిన వ్యాయామం

బ్రేస్ వేసిన మరుసటి రోజు నుంచే, నొప్పి భరించగలిగినంతలో మొదలుపెట్టాలి. రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కోసారి పదేసి చొప్పున చాలు.

మొదట మోచెయ్యి. నిలబడి కాలర్ కఫ్ తీసేసి, చేతిని మెల్లగా కిందికి చాపండి, మళ్లీ మడవండి. మొదటి రోజు చెయ్యి పూర్తిగా చాపలేరు. రెండో చేత్తో ముంజేతిని పట్టుకుని సాయం చేయొచ్చు. వారం, పది రోజుల్లో పూర్తిగా చాపగలగాలి.

తర్వాత భుజం. మంచి చెయ్యి బల్ల మీద ఆనించి నడుము ముందుకు వంచండి. విరిగిన చెయ్యి దానంతట అది నేల వైపు వేలాడుతుంది. ఒంటిని కదుపుతూ ఆ చేతిని ముందుకూ వెనక్కూ, పక్కకూ, చిన్న సున్నాలు చుట్టినట్టూ ఊగనివ్వండి. చేతి కండరంతో ఊపొద్దు, ఒంటి కదలికతోనే ఊగాలి. నడుము వంగని ఫ్లోరోసిస్ మనిషైతే ఎత్తు పీట మీద కూర్చుని ఒక పక్కకు వాలి ఊపుకోవచ్చు, ఎవరైనా పక్కన పట్టుకోవాలి.

కొన్ని పనులు మాత్రం ఎముక అతికే దాకా వద్దు. చేతిని సొంత బలంతో పక్కకు ఎత్తడం, మోచేతి మీద బరువు వేయడం, కుర్చీలోంచి ఆ చేత్తో నొక్కి లేవడం, బండి హ్యాండిల్ పట్టడం, నీళ్ల బిందె మోయడం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. చెయ్యి బయటి వైపుకు తిప్పి లాగే మర్దనలు, వేన్నీళ్ల కాపుడుతో నాటు వ్యాయామాలు కూడా చేయొద్దు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాల మీద పని చేసేవాళ్లు చేతిని ఎక్కువగా ఒంటికి దూరంగా ఆడిస్తారు కాబట్టి ఈ కాలంలో మగ్గానికి దూరంగా ఉండాలి. కండె చుట్టడం లాంటి పని మంచి చేత్తో చేసుకోవచ్చు.

శుభ్రం, చెమట

ఏప్రిల్, మే ఎండల్లో బ్రేస్ అంటే చెమట, దురద, చెమటకాయలు తప్పవు. నూలు గొట్టాలు రెండు మూడు ఉంచుకుని రోజూ మార్చండి. డాక్టర్ ఒప్పుకున్నాక, సాధారణంగా నొప్పి బాగా తగ్గాక, కూర్చుని చెయ్యి వేలాడదీసి ఇంకొకరి సాయంతో బ్రేస్ కాసేపు తీసి చర్మం తుడవొచ్చు. చంక కడగడానికి చెయ్యి ఎత్తొద్దు. పక్కకు వాలితే చంక దానంతట అదే తెరుచుకుంటుంది. తడి పూర్తిగా ఆరాకే తిరిగి కట్టాలి. పౌడర్ ఎక్కువ పోస్తే చెమటతో కలిసి ముద్దకడుతుంది, పుండు పడుతుంది. దురద పెడితే పెన్ను, పుల్ల లోపలికి దూర్చొద్దు.

ఎక్స్‌రేలు, ఇంట్లో పంచాయితీ

మొదటి మూడు వారాలు వారానికోసారి, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి ఎక్స్‌రే తీస్తారు. సర్కారు దవాఖానలో ఓపీ రోజు రద్దీ అని మొదటి వారాల్లో ఒక్కటి కూడా మానొద్దు. ఎముక వరుస తప్పితే దిద్దుకునే వీలున్నది అప్పుడే.

ఇక ఎక్స్‌రే ఫోటో ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. "ఇంత వంకరగా ఉంటే ఎట్లా బావా, ఆరోగ్యశ్రీ కార్డుంది, ఆపరేషన్ చేయించేద్దాం" అంటారు. ఇక్కడ కొన్ని అంకెలు గుర్తుంచుకోండి. జబ్బ ఎముక ముందుకో వెనక్కో 20 డిగ్రీల దాకా, పక్కకు 30 డిగ్రీల దాకా వంగి అతికినా, 3 సెంటీమీటర్ల దాకా పొట్టి పడినా చెయ్యి పనికి ఇబ్బంది రాదని ఎముకల డాక్టర్లు ఎంతో కాలంగా పాటిస్తున్న లెక్క. భుజం అన్ని దిక్కులా తిరిగే కీలు కాబట్టి ఆ కొంచెం వంకరను సర్దుకుంటుంది. ఎక్స్‌రేలో నిటారు గీత కోసం వచ్చే ఆపరేషన్‌కూ రిస్కు ఉంది: ఇన్ఫెక్షన్, రేడియల్ నరానికి దెబ్బ. ఎంత వంగిందో డాక్టర్‌ను డిగ్రీల్లో చెప్పమనండి, బావగారు ఫోన్ పెద్దది చేసి చూస్తే కాదు.

ఆరో వారం దగ్గర మాత్రం గట్టిగా నిలదీసి అడగాలి. అప్పటికి విరిగిన చోట డాక్టర్ చేత్తో పట్టుకుని కదిపితే ఎముక ఇంకా స్పష్టంగా కదులుతోంది, ఎక్స్‌రేలో కొత్త ఎముక జాడ లేదు అంటే అది తనంతట తాను అతకడం కష్టమని అర్థం. ఆపరేషన్ మాట అప్పుడు ఎత్తడం సబబు. ఇంకో రెండు నెలలు చూద్దామని ఊరికే నెట్టుకురావద్దు.

నాటు కట్టు సంగతి

పసరు కట్టి, గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు బిగించే కట్టు బ్రేస్ లాంటిదే కదా అని చాలామంది అంటారు. పైకి అలాగే ఉంటుంది. బ్రేస్‌ను రోజూ వదులు, బిగుతు చూసుకుంటారు, నాటు కట్టును విప్పకుండా వారాలు ఉంచుతారు. వాపు పెరుగుతున్న మొదటి రోజుల్లో విప్పని కట్టు రక్తాన్ని ఆపేస్తుంది. వేళ్లు చచ్చుబడి, చివరికి చెయ్యి తీసేయాల్సి వచ్చే ప్రమాదం అక్కడే. కట్టు కట్టే మనిషి వయసు, అనుభవం మీద గౌరవం ఉంటే ఉండనివ్వండి. ఎక్స్‌రే లేకుండా ఎవరూ మీ చెయ్యి లాగి సరిచేయకుండా చూసుకోండి.

మణికట్టు వాలిపోతే

విరిగిన రోజే మణికట్టు వాలిపోతే బెంబేలు పడొద్దు. లోపలే విరిగిన ఫ్రాక్చర్లలో ఆ నరం చాలావరకు దానంతట అదే కోలుకుంటుంది, దానికి మూడు నాలుగు నెలలు పట్టొచ్చు. ఈలోగా మణికట్టును పైకి నిలబెట్టే కాక్-అప్ స్ప్లింట్ వేసుకుని, రోజూ రెండో చేత్తో వేళ్లు, మణికట్టు వెనక్కి చాపుతూ ఉండాలి. లేదంటే నరం తిరిగి వచ్చేసరికి కీళ్లు బిగుసుకుపోతాయి. మొదట బాగా ఉండి, కట్టు వేశాక మణికట్టు వాలిందంటే మాత్రం ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. వేళ్లు చల్లగా తెల్లబడడం, వేళ్లు చాపితే భరించలేని నొప్పి, మాత్రలకు తగ్గని నొప్పి, చర్మం చిట్లి ఎముక కనిపించడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి.

తిండి, బీడీ, కల్లు

విరిగిన బొక్కకు బొక్కల సూప్ అంటారు. తాగండి, తప్పు లేదు, కానీ అదొక్కటే మందు కాదు. గుడ్డు, పప్పు, పాలు, పెరుగు, దొరికితే చేపలు రోజూ తినాలి. గుడ్డు, వంకాయ తింటే చీము పడుతుందని పథ్యం పెట్టడం ఈ సమయంలో అన్యాయం. షుగర్ ఉంటే కంట్రోల్‌లో పెట్టుకోవాలి, విటమిన్ డి పరీక్ష చేయించమని అడగొచ్చు. బీడీ, సిగరెట్ ఎముక అతకడాన్ని నిజంగానే ఆలస్యం చేస్తాయి. కల్లు నొప్పికి మందని తాగి తూలి పడితే అదే చెయ్యి మళ్లీ విరుగుతుంది. నొప్పి మాత్రలు దుకాణంలో అడిగి తెచ్చుకోకుండా, రాసిచ్చినన్ని రోజులే వాడండి.

ఎప్పుడు తీయాలి

చాలామందికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. విరిగిన చోట నొక్కితే నొప్పి లేకపోవడం, ఎముక కదలకపోవడం, ఎక్స్‌రేలో కొత్త ఎముక రెండు ముక్కల మీదుగా పరుచుకోవడం, ఈ మూడూ ఉండాలి. ఒక్కటి లేకపోయినా ఇంకాస్త ఆగాలి. తీశాక మొదటి వారాల్లో భుజం బిగుసుకున్నట్టు ఉంటుంది, గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకి తీసుకెళ్లడం అప్పుడు మొదలుపెడతారు.

ముంబై, పుణె పనికి వెళ్లే పాలమూరు కూలీలకు ఇక్కడ ఇంకో చిక్కుంది. బ్రేస్ తీశారు కదా అని రైలెక్కేస్తారు, వెళ్లిన వారానికే సిమెంటు బస్తా ఎత్తుతారు. తీసిన తర్వాత కనీసం నెల, నెలన్నర బరువులు ఎత్తకూడదు, ఎప్పటి నుంచి ఎత్తొచ్చో డాక్టర్ చేత చీటీ మీద రాయించుకోండి. వెళ్లక తప్పకపోతే మొదటి ఎక్స్‌రే నుంచి చివరి దాకా ఫిల్ములన్నీ వెంట తీసుకెళ్లండి. అక్కడ ఏదైనా నొప్పి వస్తే చూసే డాక్టర్‌కు పాత ఎక్స్‌రే పక్కన పెట్టి పోల్చుకునే వీలుంటుంది.